హక్కుల సంఘం – ఊరి అండ



మానవ హక్కులు అనే మాట వినగానే మనలో చాలామందికి ఢిల్లీలో జరిగే సభలు, పెద్ద కోర్టులు, పత్రికల్లో వచ్చే ప్రకటనలు గుర్తుకు వస్తాయి. అది చదువుకున్నవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే అనుకుంటాం. కానీ హక్కు పోయే చోటు మన పక్కనే ఉంటుంది. కూలి ఎగవేసిన పొలం గట్టు మీద పోతుంది. ఆడపిల్లను బడి మానిపించిన ఇంటి గడప దగ్గర పోతుంది. ఏ కాగితమూ రాయకుండా మనిషిని రెండు రాత్రులు కూర్చోబెట్టిన ఠాణాలో పోతుంది. పోయిన చోటే దాన్ని వెతుక్కోవాలి కాబట్టి, హక్కుల సంఘానికి ఢిల్లీలో ఉన్న కార్యాలయం కంటే మన తాలూకాలో ఉన్న చిన్న శాఖ ముఖ్యం. ఆ శాఖకు ఊరి అండ ఎలా దొరుకుతుంది, దొరికిన అండ ఎలా నిలుస్తుంది అన్న విషయం ఈ రోజు మీతో ముచ్చటిస్తాను.

రాయచూరు తాలూకాలోని ఇడపనూరునే ఉదాహరణగా తీసుకుందాం. కృష్ణా తుంగభద్రల నడుమ నేల ఇది. తుంగభద్ర దాటితే ఆంధ్రప్రదేశ్, తూర్పుకు పోతే తెలంగాణ. ఈ సరిహద్దులో ఎన్నో ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు, పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, సంతలో రెండూ కలుస్తాయి. పనికోసం మనవాళ్ళు అటు పోతారు, అటువాళ్ళు ఇటు వస్తారు. ఇలాంటి ఊళ్ళో నలుగురైదుగురు కలిసి ఒక హక్కుల సంఘం శాఖ పెట్టాలనుకున్నారనుకోండి. మొదట వినిపించే మాట ఏమిటి? "ఏమన్నా, నీకెందుకీ తలనొప్పి? ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ వాళ్ళు వాళ్ళు చూసుకుంటారు గదా!"

ఈ మాటను కొట్టిపారేయకూడదు. శాఖ చేయవలసిన పని అంతా ఈ మాటలోనే ఉంది. ఏ అన్యాయం దగ్గరైనా ముగ్గురు ఉంటారు. అన్యాయం చేసినవాడు ఒకడు, దాన్ని అనుభవించినవాడు ఒకడు. మూడోవాడు చూస్తూ ఉన్నవాడు. చేసినవాడు తనంతట తాను మారడు. అనుభవించినవాడికి రేపటి కూలి కావాలి, అప్పు కావాలి, అందుచేత నోరు విప్పలేడు. మిగిలింది మూడో మనిషి. అతడు టీ అంగడి యజమాని కావచ్చు, బడి పంతులు కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు, పక్కింటి పెద్దమ్మ కావచ్చు. ఆ మూడో మనిషి "నేను చూశాను, ఇది సరికాదు" అని నలుగురి ముందు చెప్పగలిగితే ఊరి అండ మొదలైనట్టు. శాఖ బలాన్ని సభ్యత్వ రశీదులతోపాటు ఈ లెక్కతో కూడా కొలుచుకోవాలి.

ఇది మన ప్రాంతానికి కొత్త సంగతి కూడా కాదు. 1956 నవంబరు 1 దాకా రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఈనాడు తెలంగాణలో ఉన్న గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆ రోజుల్లో రాయచూరు జిల్లాలోనివే. ఆ రాజ్యంలో వెట్టిచాకిరి ఎలా ఉండేదో మన తాతలకు తెలుసు. అధికారి ఊళ్ళోకి వస్తే సామాను మోయాలి, కట్టెలు కొట్టాలి, నీళ్ళు తేవాలి. కూలి అడిగే ప్రసక్తే లేదు. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన న్యాయవాదిని కొందరు అల్లరి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జన సంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు గారు, మరికొందరు పెద్దలు దాన్ని నడిపించారు.

ఆ సంఘం చేసిన ఒక పని మనకు పాఠంగా పనికివస్తుంది. వెట్టిచాకిరి మీద ఒక చిన్న పుస్తకం అచ్చువేసి ఊళ్ళలో పంచింది. కూలి ఇవ్వకుండా పని చేయించుకోకూడదని ప్రభుత్వమే ఇచ్చిన ఆజ్ఞలు అప్పటికే ఉన్నాయి. అవి జనానికి తెలియని భాషలో, జనం చేతికి అందని చోట ఉన్నాయి. సంఘం వాటిని తెలుగులో చెప్పింది. కొత్త హక్కు ఏదీ సృష్టించలేదు. ఉన్నది ఉన్నట్టు మనిషి మాటలో చెప్పింది. "నీకు కూలి ఇవ్వాలని సర్కారే రాసిపెట్టింది" అని తెలిసిన మనిషి నిలబడే తీరు వేరుగా ఉంటుంది. ఆ తర్వాత 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. దానికి అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా బోరవెల్లిలో పుట్టినవారు. అంటే మన పొరుగువారే.

కాబట్టి శాఖకు మొదటి సూత్రం ఇది: ఊరివాళ్ళ భాషలో మాట్లాడాలి. సరిహద్దులో ఇది మరీ అవసరం. ఇక్కడ అర్జీ కన్నడంలో రాస్తారు. వేలిముద్ర వేసే అవ్వకు తెలుగే వస్తుంది. అందులో ఏమి రాసి ఉందో ఆమెకు తెలియదు. శాఖ వాళ్ళు అర్జీని రెండు భాషల్లో తయారుచేయాలి. వేలిముద్ర వేయించే ముందు ఆమెకూ, ఆమె పక్కన కూర్చున్న నలుగురికీ వినిపించేలా తెలుగులో చదవాలి. "అమ్మా, ఇందులో మీరు చెప్పనిది ఏమైనా ఉందా?" అని అడగాలి. ఇలా చదివి వినిపించిన చోట వినేవాళ్ళందరూ ఆ విషయానికి సాక్షులవుతారు.

భాష అన్నాను గనుక ఒక్క మాట గురించి చెప్పనివ్వండి. తెలుగులో జీతం అంటే నెల నెలా వచ్చే వేతనం. కన్నడంలో జీత అంటే బానిసలాగా అప్పుకు కట్టుబడి చేసే చాకిరి. మన పల్లెల్లో జీతగాడు అంటున్నామే, ఆ మాట ఈ రెండు అర్థాల మధ్య ఎక్కడో నిలబడి ఉంది. ఏడాదికి ఇంత అని మాట్లాడుకొని ఇష్టంతో పనిచేసి, ఇష్టం లేనప్పుడు మానేయగలిగితే అతడు పనివాడు. ముందుగా అడ్వాన్సు తీసుకొని, అది తీరేదాకా ఇంకో చోటికి పోవడానికి వీల్లేకుండా, లెక్క ఏమిటో తెలియకుండా పనిచేస్తే అతడు వెట్టి కూలీ. రాజ్యాంగం 23వ అధికరణం దీన్ని నిషేధించింది. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. 1975 అక్టోబరు 25 నుంచే అది అమలులోకి వచ్చినట్టు లెక్క. ఆ చట్టం ప్రకారం వెట్టి బాకీ రద్దయినట్టే, దాన్ని తీర్చవలసిన పని లేదు. 1982లో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసి, కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకున్నా అది బలవంతపు చాకిరే అని తీర్పు చెప్పింది.

ఈ పోరాటంలో మన తెలుగువారి పాత్ర చిన్నది కాదు. హర్యానాలో ఫరీదాబాదు దగ్గర రాళ్ళ క్వారీల్లో మగ్గుతున్న కూలీల గురించి బంధువా ముక్తి మోర్చా రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు దావాగా స్వీకరించి 1983 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. ఆ సంస్థను నడిపిన స్వామి అగ్నివేశ్ శ్రీకాకుళంలో పుట్టినవారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు వెట్టి కూలీల విముక్తికోసం ఊరూరూ తిరిగారు. కర్ణాటకలో జీవిక అనే సంస్థ, అంటే జీత విముక్తి కర్ణాటక, ఇదే పనిని ఏళ్ళ తరబడి చేస్తూ వచ్చింది.

ఇక రెండో సూత్రం. హక్కుల సంఘం నోటినుంచి వచ్చే మాట నిజమై ఉండాలి. మామూలు మాటలా కనిపిస్తుంది గానీ ఆచరణలో చాలా కష్టం. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం 1970ల నుంచి ఒక పద్ధతిని అలవాటు చేసింది. దాన్ని నిజనిర్ధారణ అంటారు. ఎక్కడో ఒక సంఘటన జరిగిందని తెలిస్తే నలుగురైదుగురు కలిసి అక్కడికి పోతారు. బాధితులను కలుస్తారు, ఇరుగుపొరుగును కలుస్తారు, ఆరోపణ ఎవరిమీద వచ్చిందో వాళ్ళనూ, అధికారులనూ కలుస్తారు. విన్నది విన్నట్టు రాసుకుంటారు. తమ అభిప్రాయాన్ని వేరుగా రాస్తారు. ఆ తర్వాతే పత్రికలకు చెబుతారు. కె.జి. కన్నబిరాన్ గారు, కె. బాలగోపాల్ గారు ఇలాంటి పనిలో ఏళ్ళు గడిపారు. గణితం చదివిన బాలగోపాల్ గారు ఊళ్ళు తిరిగి వివరాలు సేకరించి, ఆ తర్వాత న్యాయవాదిగా కోర్టుల్లో పేదల తరఫున వాదించారు. ప్రభుత్వం చేసే హింసతోపాటు మిగతా హింసనూ హక్కుల సంఘాలు ప్రశ్నించాలా వద్దా అన్న చర్చ 1990ల్లో గట్టిగా నడిచింది. ఆ చర్చ తర్వాత 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. ఆ చర్చలో ఎవరు ఏ పక్షం వహించినా ఒకటి మాత్రం తేలింది. అందరికీ ఒకే కొలత వాడుతున్నారా లేదా అని జనం చూస్తారు.

ఈ పద్ధతి మన ఊరికి ఎలా పనికివస్తుంది? ఒక ఆసామి జీతగాణ్ణి కొట్టాడని తెలిసిందనుకోండి. శాఖ సభ్యులు ఆ రోజే రోడ్డెక్కి నినాదాలు ఇస్తే కొందరు చప్పట్లు కొడతారు. తీరా అందులో సగం సంగతి తప్పని తేలితే ఇంకోసారి ఎవరూ దగ్గరికి రానివ్వరు. కాబట్టి ముందు ఆ ఆసామి ఇంటికీ వెళ్ళాలి. "అప్పా, మీమీద ఈ మాట వచ్చింది. మీరు చెప్పేది కూడా రాసుకోవాలని వచ్చాం" అని మర్యాదగా అడగాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఆయన చెబితే రాసుకోవాలి, తిట్టి పంపిస్తే పంపించాడని రాసుకోవాలి. "వీళ్ళు అవతలివాడి మాట కూడా విన్నారు" అని ఊరు గమనిస్తుంది. ఆ తర్వాత మీరు తప్పు ఎవరిదో చెప్పినప్పుడు మూడో మనిషి నమ్ముతాడు. ఒక హెచ్చరిక మాత్రం మరచిపోవద్దు. దెబ్బలు తిన్నవాడి పేరూ, అతడు చెప్పిన వివరాలూ అతడి అనుమతి లేకుండా ఎక్కడా బయటపెట్టకూడదు. మీరు ఇంటికి పోయి నిద్రపోతారు, అతడు తెల్లారి అదే వీధిలో నడవాలి.

మూడో సూత్రం చెప్పడానికి ఎం.వి. ఫౌండేషన్ అనుభవం చూద్దాం. చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరిట 1981లో ఈ సంస్థ ఏర్పడింది. ఆయన మనవరాలు, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించిన శాంతా సిన్హా గారి నాయకత్వంలో 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాల కార్మికుల పని మొదలుపెట్టింది. అప్పట్లో పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా "పేదరికం ఉన్నన్నాళ్ళూ పిల్లలు పనికి పోక తప్పదు" అనేవాళ్ళు. ఈ సంస్థ ఆ మాట ఒప్పుకోలేదు. బడికి పోని ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ బాల కార్మికుల కిందే లెక్క అన్నది. పనికి పోయే పిల్లలకు రాత్రిబడి చాలన్న వాదనను కాదని, పగటిపూట బడే కావాలన్నది. బడి ఈడు దాటిపోయిన పిల్లలకు శిబిరాలు పెట్టి, వాళ్ళ వయసుకు తగ్గ తరగతిలో చేరేలా తయారుచేసింది.

ఈ పనికి అండ ఎలా వచ్చిందో గమనించండి. ఊళ్ళోని చదువుకున్న కుర్రవాళ్ళు, ఆడపిల్లలు ఇంటింటికీ తిరిగారు. ఒక్కసారి పోయి ఊరుకోలేదు, మళ్ళీ మళ్ళీ పోయారు. తల్లిదండ్రులను దోషులుగా చూడలేదు. "పిల్లను చదివించాలని మీకు మాత్రం ఉండదా?" అని అడిగారు. ఉంటుంది. బడిలో చేర్పించడానికి ఎవరి దగ్గరికి పోవాలో, అక్కడ ఏమి అడుగుతారో తెలియని భయమే చాలామందికి అడ్డు. అందుకని వెంట నడిచి చేర్పించారు. ప్రభుత్వ ఉపాధ్యాయులే బాల కార్మిక విమోచన వేదిక పేరుతో కూడుకున్నారు. పంచాయతీ సభ్యులూ, యువకులూ, తల్లులూ కలిసి బాలల హక్కుల పరిరక్షణ వేదికలు పెట్టుకున్నారు. పిల్లల్ని పనిలో పెట్టుకున్న ఆసాములు కొందరు మనసు మార్చుకున్నారు. వాళ్ళను ఊరి సభలో నలుగురి ముందు మెచ్చుకున్నారు. తప్పు చేసినవాడు మర్యాదగా వెనక్కి రావడానికి ఒక దారి తెరిచి ఉంచడం ఇందులోని కిటుకు. దారి మూసేస్తే పంతం పెరుగుతుంది, పంతం పెరిగితే ఊరు రెండు ముక్కలవుతుంది. ఈ పనికి గుర్తింపుగా శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మొదటి అధ్యక్షురాలు కూడా ఆమే అయ్యారు.

మన సరిహద్దుకు ఈ కథ ఇంకా దగ్గరిది. గద్వాల, కర్నూలు ప్రాంతాల్లో సీడు పత్తి పండిస్తారని మీకు తెలుసు. సంకర విత్తనం కోసం ఒక్కొక్క పువ్వునూ చేత్తో క్రాసింగు చేయాలి. మధ్యాహ్నం దాటాక మొగ్గలు గిల్లాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్దాలి. నెలల తరబడి రోజూ చేయవలసిన పని. చిన్న చేతులైతే సున్నితంగా ఉంటాయని చెప్పి ఆడపిల్లల్ని పెట్టుకునేవారు. అసలు సంగతి ఏమిటంటే వాళ్ళకు కూలి తక్కువ ఇస్తే సరిపోతుంది, వాళ్ళు ఎదురు మాట్లాడరు. తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పెడితే సీజనంతా పిల్ల కట్టుబడి ఉంటుంది. 2000 తర్వాత ఈ విషయం దేశం దాటి వినిపించింది. విత్తన కంపెనీల్లో కొన్ని విదేశాలవి. వాళ్ళ దేశాల్లోని జనం వాళ్ళను నిలదీశారు. అప్పుడు ఆ కంపెనీలు ఇక్కడి సంస్థలతో కూర్చొని మాట్లాడక తప్పలేదు. ఊళ్ళో పొలం గట్టు మీద ఒక కుర్రవాడు నోటుపుస్తకంలో రాసుకున్న లెక్క లేకపోతే అంత దూరాన నిలదీయడానికి ఆధారమే ఉండేది కాదు.

ఇక్కడ సరిహద్దు చిక్కు ఒకటి ఉంది. ఇక్కడివాళ్ళు గుళె అంటారు, ఆదోని, కోసిగి వైపువాళ్ళు సుగ్గి అంటారు. పనికోసం ఇల్లు తాళం వేసి పోవడమే రెండూ. పిల్ల తల్లిదండ్రుల వెంట పోతే ఇక్కడి బడి హాజరు పట్టీలో పేరు ఉంటుంది, పిల్ల ఉండదు. పోయిన చోట పిల్ల ఉంటుంది, పేరు ఉండదు. ఇక్కడి అధికారి "అది పక్క రాష్ట్రం" అంటాడు, అక్కడి అధికారి "ఆమె మా పిల్ల కాదు" అంటాడు. అందుచేత సరిహద్దులో పెట్టే శాఖకు నదికి రెండు వైపులా స్నేహితులు ఉండాలి. ఏ ఇంటినుంచి ఎవరు, ఎక్కడికి, ఏ మేస్త్రీ వెంట పోయారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే చాలు, అవసరం వచ్చిన రోజు ఆ పుస్తకమే దిక్కవుతుంది.

నాలుగో సూత్రం ఓపిక. దీనికి బెజవాడ విల్సన్ గారి జీవితం ఉదాహరణ. ఆయన మన కర్ణాటకలోనే, కోలారు బంగారు గనుల ఊళ్ళో, తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ కుటుంబానిది మనుషుల మలం చేతులతో ఎత్తే పని. ఆ పనిని ఆపాలని 1980ల్లో అధికారులకు ఉత్తరాలు రాశారు, ఫోటోలు తీయించి పంపారు. "మా దగ్గర అలాంటిది లేదు" అన్నవాళ్ళకు ఆ ఫోటోలే సమాధానం. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా పని ఆగలేదు. శంకరన్ గారి లాంటి పెద్దల తోడుతో సఫాయి కర్మచారి ఆందోళన్ నిర్మించి, ఊరూరా పాకీ దొడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క తీశారు. 2003లో సుప్రీంకోర్టుకు పోయారు. తీర్పు 2014 మార్చి 27న వచ్చింది. మధ్యలో 2013లో మరో చట్టం వచ్చింది. మురుగు కాలువల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014 తీర్పు చెప్పింది. 2023లో కోర్టు దాన్ని 30 లక్షలు చేసింది. కోర్టుకు పోయిన నాటినుంచి తీర్పు దాకా 11 ఏళ్ళు! ఈ 11 ఏళ్ళూ సభ్యులు చెదిరిపోకుండా ఉండడానికి కారణం, ఆ పని చేసిన ఆడవాళ్ళే ముందు నడవడం. తమ చేతిలోని బుట్టలను తామే తగలబెట్టి బయటికి వచ్చారు. బాధపడినవాళ్ళ తరఫున మనం మాట్లాడడం ఒక దశ. వాళ్ళే మాట్లాడేటప్పుడు మనం పక్కన నిలబడడం ఆ తర్వాతి దశ. శాఖ ఈ రెండో దశకు చేరుకోవాలి.

ఐదో సూత్రం డబ్బు. ఇక్కడ బయటి ప్రపంచాన్ని కొంచెం చూద్దాం. 1961 మే 28న లండన్‌లోని అబ్జర్వర్ పత్రికలో పీటర్ బెనెన్సన్ అనే న్యాయవాది ఒక వ్యాసం రాశారు. తమ అభిప్రాయం చెప్పినందుకే జైళ్ళలో పడి ఉన్నవాళ్ళను మరచిపోవద్దని దాని సారాంశం. దానినుంచే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పుట్టింది. వాళ్ళ పని అంతా చిన్న చిన్న స్థానిక బృందాలతోనే మొదలైంది. ఒక్కొక్క బృందం ముగ్గురు ఖైదీల బాధ్యత తీసుకునేది. ఒకరు పశ్చిమ దేశాలనుంచి, ఒకరు కమ్యూనిస్టు దేశాలనుంచి, ఒకరు మూడో ప్రపంచంనుంచి. ఏ పక్షానికీ మొగ్గకుండా ఉండడానికి అదొక ఉపాయం. 1977లో ఆ సంస్థకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అదే సంస్థ భారత విభాగం, బ్యాంకు ఖాతాలు స్తంభించాయని చెప్పి 2020 సెప్టెంబరులో ఇక్కడ పని నిలిపివేసింది. అందులోని తప్పొప్పుల జోలికి నేను పోవడం లేదు. మన ఊరి శాఖకు కావలసిన పాఠం ఇంతే: దూరాన్నుంచి వచ్చే డబ్బు దూరాన్నుంచే ఆగిపోవచ్చు. మన తెలుగు ప్రాంతంలో పౌరహక్కుల సంఘాలు సభ్యుల చందాలతో, వ్యక్తులు ఇచ్చే విరాళాలతోనే నడుస్తూ వచ్చాయి. సంతలో కూరగాయలు అమ్మే అక్క ఇచ్చిన పది రూపాయలకు రశీదు ఇవ్వండి. నెలకొకసారి జమాఖర్చు కాగితం మీద రాసి పంచాయతీ దగ్గర గోడకు అంటించండి. బస్సు ఛార్జీ ఎంత, జిరాక్సు ఖర్చు ఎంత, అన్నీ రాయండి. పది రూపాయలు ఇచ్చిన మనిషి "మన సంఘం" అంటుంది. ఆ ఒక్క మాట కోసం ఎంత ఖర్చు పెట్టినా రాదు.

శ్రోతలారా, ఇంతవరకు చెప్పినవన్నీ కష్టపడితే చేయగలిగిన పనులు. ఇప్పుడు అన్నిటికంటే కష్టమైనది చెబుతాను. ఊరికి ఇష్టమైనవాడి హక్కు కాపాడితే ఊరు మెచ్చుకుంటుంది. మరి ఊరికి ఇష్టం లేనివాడి సంగతి? గొర్రెలు దొంగిలించాడని ఒకణ్ణి పట్టుకొని కట్టేసి కొట్టారనుకోండి. లేదా ఠాణాలో రెండు రోజులు ఉంచారనుకోండి. అతణ్ణి కొట్టవద్దని, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని శాఖ అడిగిందనుకోండి. వెంటనే "వీళ్ళు దొంగలకు వంతపాడేవాళ్ళు" అంటారు. ఎన్నో ఏళ్ళుగా కూడగట్టుకున్న అండ ఒక్క రోజులో కరిగిపోయినట్టు అనిపిస్తుంది. అప్పుడు కొందరు సభ్యులు "ఈ ఒక్కటీ వదిలేద్దాం, జనం మనకు దూరమవుతారు" అంటారు. వాళ్ళది చెడ్డ బుద్ధి ఏమీ కాదు. కానీ ఆ ఒక్కటి వదిలేసిన రోజునుంచి అది హక్కుల సంఘం కాదు, నచ్చినవాళ్ళ సంఘం అవుతుంది.

ఇలాంటి చోట ఊరికి ఓపికగా చెప్పవలసింది ఏమిటి? దొంగతనం చేశాడా లేదా తేల్చేది కోర్టు. చేసి ఉంటే శిక్ష పడాలి, గొర్రెలు పోయినవాడికి న్యాయం జరగాలి. ఆ గొర్రెలవాడి ఇంటికి కూడా శాఖ వెళ్ళాలి, అతడి ఫిర్యాదు నమోదయిందో లేదో చూడాలి. అదే సమయంలో, అరెస్టు చేసినప్పుడు కాగితం రాసి సాక్షి సంతకం తీసుకోవాలనీ, ఇంటివాళ్ళకు తెలియజేయాలనీ 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ నియమం దొంగకోసం పెట్టింది కాదు. రేపు పొరపాటున మీ అబ్బాయిని తీసుకుపోతే మీకు కబురు రావడానికి కూడా అదే నియమం. ఈ మాట రచ్చబండ దగ్గర తల్లులకు చెప్పి చూడండి. అందరికంటే ముందు వాళ్ళకే అర్థమవుతుంది. ఆ వారం కోపంగా ఉన్నవాళ్ళలో కొందరు ఏడాది తర్వాత అర్ధరాత్రి మీ తలుపే తడతారు. అప్పుడు "ఆ రోజు మీరేమన్నారో గుర్తుందా" అని అడగకుండా చొక్కా వేసుకొని వాళ్ళ వెంట బయలుదేరండి.

ఇంకొక కష్టం బంధుత్వం, కులం. తప్పు చేసినవాడు సభ్యుడి మేనమామే కావచ్చు. అలాంటప్పుడు ఆ సభ్యుడు ఆ విషయంలో పక్కకు తప్పుకోవాలి, మిగతావాళ్ళు చూడాలి. శాఖలో అన్ని వాడలవాళ్ళూ ఉండాలి, ఆడవాళ్ళు ఉండాలి. ఒకే వీధివాళ్ళతో పెట్టిన సంఘాన్ని ఊరు ఆ వీధి సంఘమనే అంటుంది. రాజకీయ పార్టీల్లో ఉన్నవాళ్ళు సాయం చేస్తామంటే సంతోషంగా తీసుకోవచ్చు గానీ, ఎన్నికల వేదికకు శాఖ పేరు ఇవ్వకూడదు.

మీలో ఎవరికైనా ఈ పని మొదలుపెట్టాలని ఉంటే కొన్ని సంగతులు గుర్తు పెట్టుకోండి. ఒకేసారి పది సమస్యలు ఎత్తుకోవద్దు. మీ ఊళ్ళో బడికి రాని పిల్లలు ఎందరు అన్న ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ ఉచిత చదువు హక్కు, ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016 సవరణ చెబుతోంది. బడి అయ్యాక ఇంటివాళ్ళకు సాయం చేయడం దానికి ఒక మినహాయింపు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. వెట్టి కూలీ ఎవరైనా ఉన్నారని తెలిస్తే తహసీల్దారుకో, అసిస్టెంట్ కమిషనరుకో రాతమూలకంగా ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. విచారణ జరిగి విడుదల పత్రం చేతికి రావాలి. ఆ పత్రం లేకపోతే పునరావాసం సాయం అందడం కష్టం. మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు తెగలవారు, వెట్టిలో మగ్గినవారు న్యాయ సేవల ప్రాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలు సాయం పొందవచ్చు. దానికి ఫోను నంబరు 15100.

1993 అక్టోబరులో ఏర్పడిన జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఎవరైనా ఫిర్యాదు రాయవచ్చు. రుసుము లేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న ఏ భాషలోనైనా రాయవచ్చు, అంటే మన తెలుగులో కూడా. సంఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి, రాసినవారి పేరూ చిరునామా ఉండాలి. ఇంగ్లీషు రాదని ఆగిపోనక్కరలేదు.

శాఖ పెట్టిన మొదటి ఏడాది పది మంది కూడా రాకపోవచ్చు. కంగారు పడవద్దు. ఏడాది చివర ఒక లెక్క వేసుకోండి. ఎన్ని సభలు పెట్టాం, పత్రికల్లో ఎన్నిసార్లు పేరు వచ్చింది అన్నవి తర్వాత చూసుకోవచ్చు. మన ఊళ్ళో బడికి తిరిగి వచ్చిన పిల్లలు ఎందరు? చదివి వినిపించకుండా వేయించిన వేలిముద్ర ఒక్కటైనా ఉందా? సంబంధం లేకపోయినా ముందుకు వచ్చి "నేను చూశాను" అని చెప్పినవాళ్ళు ఎందరు? ఆ చివరి లెక్కలో ఇద్దరే ఉన్నా మీ శాఖ వేళ్ళూనుకున్నట్టే. వచ్చే ఏడాది వాళ్ళే మరో నలుగురిని వెంటబెట్టుకు వస్తారు.